రోబో పాదాల దగ్గర యుద్ధం: ‘గండమ్ హాథవే’ ఏ ఎత్తు నుంచి చూస్తుంది?

సంక్షిప్తంగా: 2021లో విడుదలైన జపాన్ యానిమేషన్ చిత్రం ‘మొబైల్ సూట్ గండమ్: హాథవే’ భారీ రోబోల పోరును కింద పరుగెత్తే మనుషుల కళ్లతో చూపిస్తుంది. ఆ సినిమాలోని యుద్ధభయమంతా ఎత్తులో, బరువులో, చీకటిలో ఉంది. మళ్లీ అదే సినిమా చివరికి ఆకాశంలోకి ఎక్కి ఆ యంత్రాలనే అందంగా చూపిస్తుంది. ఈ రెండు చూపులూ ఒకే కథలో ఎలా ఇమిడాయి, వాటి వెనుక ఉన్న చరిత్ర, వ్యాపారం ఏమిటి, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల అనుభవంతో పోల్చి చూస్తే ఇందులో ఏది నిలుస్తుంది, ఏది తేలిపోతుంది అన్నది ఇక్కడ చర్చ.

కార్టూనేనా?

జపాన్ యానిమేషన్ తెలుగు ప్రేక్షకులకు దగ్గరై కొన్నేళ్లయింది. క్రంచీరోల్ లాంటి ఓటీటీ వేదికలు తెలుగు డబ్బింగ్‌తో సిరీస్‌లు ఇస్తున్నాయి. 2025 సెప్టెంబర్‌లో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగు మాటలతోనే థియేటర్లకు వచ్చింది. నల్లగొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు వీటిని ఫోన్లలోనే చూసేస్తున్నారు. పెద్దవాళ్లకు మాత్రం గీసిన బొమ్మ కనిపిస్తే అది పిల్లల వినోదమే. పైగా అందులో రోబో ఉందంటే ఇక అనుమానమే రాదు.

చూసినవాళ్లలోనూ ఒక గందరగోళం ఉంది. ఈ సినిమాలు యుద్ధాన్ని ఖండిస్తున్నాయా, పొగుడుతున్నాయా? పాత్రలు యుద్ధం వద్దంటాయి. కానీ యంత్రం గాల్లోకి లేవగానే ఒళ్లు పులకరిస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు సంభాషణల్లో వెతికితే దొరకదు. కెమెరా ఎక్కడ నిలబడింది, ఎవరి పక్కన నిలబడింది అని చూడాలి.

కథ

భవిష్యత్తులో మనుషులు అంతరిక్షంలో కట్టుకున్న కాలనీల్లో బతుకుతుంటారు. భూమిని ఒక సమాఖ్య ప్రభుత్వం ఏలుతుంటుంది. అనుమతి లేకుండా భూమి మీద ఉంటున్నవాళ్లను ఆ ప్రభుత్వం వేటాడి అంతరిక్షానికి తరలిస్తుంది. మంత్రులూ ధనికులూ మాత్రం భూమి మీదే హాయిగా ఉంటారు. దీన్ని ఎదిరించే ‘మాఫ్టీ’ అనే సాయుధ బృందం మంత్రులను ఒక్కొక్కరినే చంపుతుంటుంది. దాని నాయకుడు హాథవే నోవా. అతను సమాఖ్య సైన్యంలో పేరున్న అధికారి కొడుకు. చిన్న వయసులోనే యుద్ధంలో తనకు ఇష్టమైన అమ్మాయి చనిపోవడం చూసినవాడు.

మనుషులు లోపల కూర్చుని నడిపే భారీ యుద్ధరోబోల కథల వరుస గండమ్; అందులోని ముఖ్య రోబో పేరూ అదే. ఈ కథను ఆ గండమ్ సృష్టికర్త యొషియుకి టొమినో 1989-90ల్లో నవలగా రాశారు. మూడు దశాబ్దాల తర్వాత షూకో మురాసే దర్శకత్వంలో తెర మీదికి వచ్చింది.

దవావోలో ఆ రాత్రి

సినిమా మధ్యలో ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరం మీద దాడి జరుగుతుంది. మంత్రులు దిగిన హోటల్ మీదికి మాఫ్టీ రోబోలు వస్తాయి. హాథవే ఉన్నదీ ఆ హోటల్‌లోనే. దాడి చేస్తున్నది తన మనుషులే. వెంట జీజీ అనే యువతి ఉంది. ఇద్దరూ బయటపడి వీధుల్లో పరుగు తీస్తారు.

ఇక్కడి నుంచి కొన్ని నిమిషాల పాటు ఈ సినిమా రోబో సినిమాలు ఇన్నాళ్లూ పెట్టుకున్న కట్టుబాటు తప్పుతుంది. మామూలుగా పైలట్ ముఖం, మీటలు, ఎదుటి రోబో, పేలుడు అన్న వరుసలో దృశ్యాలు నడుస్తాయి. ప్రేక్షకుడు పైలట్ సీట్లో కూర్చుంటాడు. దవావోలో ఆ సీటు ప్రేక్షకుడికి దాదాపుగా దక్కదు. కెమెరా మనిషి కంటి ఎత్తులో ఉండిపోతుంది. రోబో మొత్తం ఒక్కసారిగా కనబడదు. ఒక కాలు, ఒక భుజం, పొగలో మెరిసే ఒక కన్ను, అంతే. చీకటి ఎంత దట్టమంటే ఇంజిన్ మంటో ఆయుధం వెలుగో పడినప్పుడే యంత్రం ఆకారం తెలుస్తుంది. ఆ చీకటి వల్లే భయం. ఎదురుగా ఏముందో తెలియనివాడు ఎటు పరుగెత్తాలో నిర్ణయించుకోలేడు.

ఇంకా భయంకరమైనది తుంపర. రోబో వదిలిన కిరణం ఎదుటి యంత్రం కవచానికి తగిలి చెదురుతుంది. వెల్డింగ్ షెడ్డులో రవ్వలు ఎగిరినట్టు కరిగిన లోహం వీధి మీద కురుస్తుంది. గురి తప్పలేదు. ఎవరూ జనాన్ని చంపాలనుకోలేదు. అయినా కింద ఉన్నవాళ్లు కాలిపోతారు. సైనికుల భాషలో అది ‘అనుకోని నష్టం’. అనుకోకుండా జరగడానికి అందులో ఏమీ లేదని, ఆ యంత్రాన్ని ఊరి నడుమ వాడటంలోనే ఆ చావులు ఉన్నాయని ఈ దృశ్యం ఒక్క మాట లేకుండా రుజువు చేస్తుంది.

టొమినో ఈ దారిని ముందే తొక్కారు. 1991 నాటి ‘గండమ్ ఎఫ్91’ చిత్రంలో రోబో తుపాకీ కాలుస్తుంటే ఖాళీ తూటా గొట్టాలు కింద రాలతాయి. వాటిలో ఒకటి బిడ్డను ఎత్తుకున్న తల్లి తలకు తగిలి ఆమె చనిపోతుంది. తూటా తగిలి కాదు, తూటా పోయాక మిగిలిన తొడుగు తగిలి. రెండు మూడు సెకన్ల దృశ్యమే. అయినా యంత్రం ఎంత పెద్దదో చెప్పడానికి పేజీల కొద్దీ సాంకేతిక వివరాలు చేయలేని పని అది చేసింది.

బరువును ఎలా గీస్తారు

కాగితం మీద గీసిన బొమ్మకు బరువుండదు. అది ఉందని నమ్మించడం యానిమేటర్ పని. ఇందులోని కిటుకు భౌతికశాస్త్రం. 20 మీటర్ల ఎత్తు నుంచి జారిన వస్తువు నేలను తాకడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది 48 ఫ్రేములు. మనిషి ఎత్తు నుంచి పడేదానికి 15 ఫ్రేములు కూడా పట్టవు. అందుకే పెద్ద శరీరం కూలేటప్పుడు నెమ్మదిగా కూలుతున్నట్టు కనిపిస్తుంది. ఈ లెక్క తప్పితే ఎంత వివరంగా గీసినా రోబో ఆటబొమ్మలా తేలిపోతుంది. ‘హాథవే’లో రోబోలను కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చేశారు. ఆ లెక్కను ఎక్కడా వదలలేదు. కాలు ఎత్తడానికి సమయం పడుతుంది, మోపాక నేల అదిరి సర్దుకోవడానికీ సమయం పడుతుంది. ఆ ఆలస్యంలోనే కింది మనిషికి తప్పించుకునే ఆశ పుడుతుంది, అక్కడే చస్తుంది కూడా.

1979 నాటి మొదటి గండమ్ ఎత్తు 18 మీటర్లు. ఆ ఎత్తు ఎంతో ఊహించుకోవడానికి ఉమ్మడి నల్లగొండ జిల్లా వాళ్లు దూరం పోనక్కర్లేదు. భువనగిరి దగ్గర రాయగిరి రాతిలో చెక్కిన బుద్ధ విగ్రహం, ఇప్పుడు హుస్సేన్ సాగర్ నడుమ ఉన్నది, 58 అడుగులు. అంటే దాదాపు అంతే. ఆ విగ్రహం బరువు వందల టన్నులు. 1990 మార్చిలో దాన్ని సాగర్‌లోకి తరలిస్తుండగా పడవతో సహా ఒరిగి నీళ్లలో పడింది. పలువురి ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబర్‌లో గానీ అది పీఠమెక్కలేదు. శాంతమూర్తి విగ్రహమే అయినా అంత ఎత్తు, అంత బరువు ఒరిగితే పక్కనున్నవాళ్లు బతకరు. ‘హాథవే’లో గండమ్ ఎత్తు 26 మీటర్లు. అది ఒరగడమే కాదు, ఊళ్లో యుద్ధం చేస్తుంది.

ఎక్కడి నుంచి వచ్చాయి ఈ ఉక్కు మనుషులు

1945 మార్చి 9 అర్ధరాత్రి దాటాక అమెరికా బి-29 విమానాలు టోక్యో మీద నిప్పుబాంబులు కురిపించాయి. ఒక్క రాత్రిలో సుమారు లక్ష మంది చనిపోయారు. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి. ఆ తరం పిల్లలే పెరిగి జపాన్ కామిక్స్‌నీ యానిమేషన్‌నీ నిర్మించారు. కోబె నగరంలో పుట్టి బాంబుదాడుల కాలంలో పెరిగిన మిత్సుతెరు యొకొయామా 1956లో ‘తెత్సుజిన్ 28’ మొదలుపెట్టారు. అందులోని భారీ రోబో యుద్ధం కోసం జపాన్ సైన్యం తయారుచేసిన రహస్య ఆయుధం. యుద్ధం అయిపోయాక దాని మీట ఒక పిల్లవాడి చేతికి వస్తుంది. మీట ఎవరి చేతిలో ఉంటే రోబో వాళ్ల మాటే వింటుంది. మంచీ చెడూ దానికి తెలియవు.

1972లో గో నగాయ్ ‘మజింగర్ జడ్’తో పైలట్‌ను రోబో లోపల కూర్చోబెట్టారు. మీట పట్టుకుని దూరంగా నిలబడే పిల్లవాడు పోయాడు. యంత్రమే ఒళ్లు, తానే దాని మనసు. ప్రేక్షకుడికి ఆ అనుభూతి ఎంతో నచ్చింది. నేటికీ ఈ కథల బలమూ బలహీనతా రెండూ ఆ సీటులోనే ఉన్నాయి.

1979లో టొమినో గండమ్‌ను తెచ్చినప్పుడు ఆ సీటులో పదిహేనేళ్ల అమురోను కూర్చోబెట్టి అతణ్ణి క్రమంగా చితికిపోనిచ్చారు. శత్రువులకూ పేర్లు, కుటుంబాలు ఇచ్చారు. రోబోకు మాయాబలం తీసేసి, కారుకో లారీకో ఉన్నట్టు ఇంధనం, మరమ్మతు, విడిభాగాల అవసరం పెట్టారు. యుద్ధం కొన్నాళ్లకే మానవజాతిలో సగాన్ని మింగేసిందన్న వాక్యంతో ఆ కథ మొదలవుతుంది.

జపాన్ సినిమాల యుద్ధస్మృతిలో ఒక లోటు ఉంది. అది తమ మీద పడిన బాంబులను గుర్తుపెట్టుకున్నంతగా తాము వేసినవాటిని గుర్తుపెట్టుకోదు. 1941 డిసెంబర్‌లో దవావోను ఆక్రమించింది జపాన్ సైన్యమే. 1945 మనీలా పోరులో సుమారు లక్ష మంది పౌరులు చనిపోయారు, వారిలో ఎందరినో జపాన్ సైనికులే ఊచకోత కోశారు. అదే దేశంలోని ఒక నగరాన్ని తెర మీద తగలబెట్టినప్పుడు ‘హాథవే’ ఈ చరిత్ర ఊసెత్తదు. ఫిలిప్పీన్స్ ఇందులో ఎండ, సముద్రం, వెచ్చని గాలి. దీన్ని చిన్న లోపమని వదిలేయలేం.

ఘటోత్కచుడు కూలిన రాత్రి

తెలుగు పాఠకులకు ఈ దృశ్యం మరోచోట పరిచయమే. కురుక్షేత్రంలో పద్నాలుగో నాటి రాత్రియుద్ధం. దివిటీల వెలుగులో ఘటోత్కచుడు కౌరవసేనను చెండాడుతుంటాడు. ఆపలేక కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న ‘శక్తి’ అనే ఆయుధాన్ని ప్రయోగిస్తాడు. చావబోతూ ఘటోత్కచుడు ఒళ్లు పెంచి శత్రుసేన మీద కూలతాడు. ఒక అక్షౌహిణి నలిగిపోతుంది. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. శక్తి ఖర్చయింది, అర్జునుడు బతికాడు.

తెర మీది ఘటోత్కచుడంటే మనకు 1957 నాటి ‘మాయాబజార్’, ఎస్.వి. రంగారావు నవ్వు. ద్రోణపర్వంలోని ఘటోత్కచుడు వేరు. భారీ రోబో కథల్లోని లెక్కంతా అక్కడే ఉంది. ఎదురులేని ఒక శరీరం, దాన్ని ఆపడానికి ఒకే ఒక్క ఆయుధం, ఆ ఆయుధాన్ని ఖర్చు చేయించడమే యుద్ధనీతి, ఇద్దరి నడుమ నలిగే పేరులేని కాల్బలం. భారతం మరో అడుగు వేసింది. యుద్ధం ముగిశాక స్త్రీపర్వంలో గాంధారినీ కోడళ్లనూ ఆ నేల మీదికి తెచ్చి శవాల మధ్య నడిపించింది. రోబో సినిమా సాధారణంగా అక్కడిదాకా పోదు. గెలుపో ఓటమో తేలగానే పాట వేసి పేర్లు వేస్తుంది.

బొమ్మ అమ్ముడుపోవాలి

మొదటి గండమ్ సిరీస్‌కు డబ్బు పెట్టింది ఒక ఆటబొమ్మల సంస్థ. ప్రేక్షకాదరణ సరిగా లేక 52 భాగాలు అనుకున్నదాన్ని 43తో 1980 జనవరిలో ఆపేశారు. అదే ఏడాది బండాయ్ సంస్థ రోబోల ప్లాస్టిక్ నమూనా కిట్లను తెచ్చింది. అవి విపరీతంగా అమ్ముడయ్యాయి. 1981-82ల్లో సిరీస్‌ను మూడు సినిమాలుగా కుదించి విడుదల చేస్తే థియేటర్లు నిండాయి. ఆగిపోయిన యుద్ధవ్యతిరేక కథను బతికించింది యుద్ధయంత్రాల బొమ్మల గిరాకీ.

అప్పటి నుంచి ప్రతి కొత్త కథకూ ఒక షరతు అంటుకుంది. యుద్ధం ఎంత ఘోరమైనా చూపించొచ్చు, యంత్రం మాత్రం అందంగా ఉండాలి, కొనాలనిపించాలి. యొకొహామా రేవులో 2020 డిసెంబర్ నుంచి 2024 మార్చి దాకా 18 మీటర్ల గండమ్‌ను నిలబెట్టి కదిలించి చూపించారు. దాని పాదాల దగ్గర నిలబడి జనం ఫొటోలు దిగారు. ‘హాథవే’లో ఆ పాదాల దగ్గరే మనుషులు చచ్చిపోతారు. ఒకే సంస్థల సముదాయం రెండింటినీ తయారుచేస్తోంది. దర్శకుల నిజాయితీని దీనివల్ల శంకించనక్కర్లేదు, కానీ ఈ షరతు సినిమా ఆకారాన్ని మార్చేస్తుందని గమనించాలి.

ఆ మార్పు చివరి పోరులో కనిపిస్తుంది. హాథవే తన గండమ్‌లోకి ఎక్కి, సమాఖ్య యంత్రం పెనెలొపితో ఆకాశంలో, సముద్రం మీద తలపడతాడు. వేగం, కాంతి, హిరొయుకి సవానో సంగీతం అన్నీ కుదిరాయి. కింద మాత్రం మనుషులు లేరు. నీళ్ల మీద రవ్వలు పడితే ఎవరూ కాలరు. దవావోలో నేల మీద ఉన్న కెమెరా ఇక్కడ పైలట్ సీట్లోకి ఎక్కింది, యుద్ధం మళ్లీ చూడముచ్చటగా తయారైంది. ఒకే సినిమాలోని ఈ రెండు పోరాటాలను పక్కపక్కన పెడితే మొదట అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ భయం తగ్గి అందం పెరుగుతుంది. చిత్రకారులు ఇది తెలియక చేశారనుకోలేం. దవావోను అంత కచ్చితంగా తీసినవాళ్లకు ఆ ఎత్తు విలువ తెలుసు. తెలిసీ పైకి వెళ్లారు.

భూమి మీద ఉండే హక్కు

దాడికి ముందు ఒక చిన్న సన్నివేశం ఉంది. హాథవే దవావోలో టాక్సీ ఎక్కుతాడు. భూమిని వెయ్యేళ్ల పాటు కాపాడాలన్న మాఫ్టీ ఆశయం ప్రస్తావనకు వస్తుంది. రేపటి సంగతే చూసుకోలేని బతుకుల్లో అంత దూరం ఆలోచించే తీరిక ఎవరికుందన్నది డ్రైవర్ ధోరణి. హాథవే దగ్గర దానికి జవాబు ఉండదు. సినిమా మొత్తంలో ఇంత పదునైన చోటు మరొకటి లేదు.

పాలమూరులో ఆ డ్రైవర్ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పని వెతుక్కుంటూ ముంబై, పుణె దాకా వలసపోయిన కుటుంబాల ప్రాంతం ఇది. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా పల్లెలు మునిగాయి. 1981లో నీళ్లు రాకముందే ఇళ్లు కూలగొట్టి మనుషుల్ని పంపేశారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడికి దక్కిన శ్రద్ధ మనుషులకు దక్కలేదు. పెద్ద ఆశయం పేరుతో తరలించేటప్పుడు ఎవరు కదలాలి, ఎవరు ఉండిపోవాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ‘హాథవే’లో సమాఖ్య జవాబు ఒకటి, మాఫ్టీ జవాబు మరొకటి. డ్రైవర్‌ను ఇద్దరూ అడగరు.

పేర్లు

యుద్ధంలో కింద ఉన్న మనుషుల పేర్లు ఎక్కడ మిగులుతాయో మన దగ్గరే చూడొచ్చు. 1948 సెప్టెంబర్ 13న నిజాం ఏలుతున్న హైదరాబాద్ సంస్థానం మీద పోలీసు చర్య మొదలైంది. విజయవాడ వైపు నుంచి భారత సైన్యం సాయుధ శకటాలు కోదాడ, మునగాల మీదుగా వచ్చాయి. సూర్యాపేట దగ్గర విమానాలు దాడి చేశాయి. వెనక్కి తగ్గుతూ నిజాం సేనలు మూసీ వంతెనను పేల్చాయి. నార్కట్‌పల్లి దగ్గర రజాకార్ల దళం ఒకటి తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు 65వ నంబర్ జాతీయ రహదారి మీద బస్సులు పోయే దారే అది. సైనిక చరిత్రలో ఇదంతా శకటాల పేర్లు, దళాల పేర్లు, తేదీలు. ఆ దారి పక్క ఊళ్ల మనుషులు అందులో ఉండరు.

ఈ నేల తన పోరాటాన్ని మరోలా చెప్పుకుంది. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో తూటాకు కూలిన దొడ్డి కొమరయ్య పేరు నేటికీ పాటల్లో ఉంది. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంలో తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లే మాట్లాడారు. ఆకలి, అడవి, దాక్కోవడం, బిడ్డను వదులుకోవాల్సి రావడం, పోరాటం ముగిశాక ఇంటికి తిరిగొస్తే ఎదురైన చూపులు. గెలుపోటముల కంటే ఇవే ఎక్కువగా చెప్పారు. ప్రతి గొంతుకూ ఒక పేరుంది.

‘హాథవే’ బలమూ లోటూ ఈ కొలత దగ్గర స్పష్టమవుతాయి. కెమెరాను నేల మీదికి దించింది, అది గొప్ప సంగతి. కానీ దించాక కూడా హాథవే, జీజీల భుజాల వెనకే నడిపించింది. కాలిపోయిన దవావో మనిషి ఎవరు? అతనికి ఇల్లెక్కడ? మర్నాడు శవం కోసం ఎవరు వచ్చారు? ఈ ప్రశ్నలకు సినిమాలో చోటు లేదు. హోటల్‌లో దిగిన అతిథుల భయం మన దాకా వచ్చింది, ఆ వీధిలో పుట్టినవాళ్లది రాలేదు. టాక్సీ డ్రైవర్‌ను దాడి తర్వాత ఒక్కసారి మళ్లీ చూపించి ఉంటే కథ బరువే మారిపోయేది.

ఎవరు చూడాలి, ఎలా

ఇది పిల్లల సినిమా కాదు. మొదట్లోనే అంతరిక్ష విమానాన్ని దారిమళ్లించి మనుషుల్ని కాల్చి చంపే ఘట్టం ఉంది. రాజకీయ హత్యలు, అపరాధభావం, పెద్దవాళ్ల మధ్య నడిచే ఆకర్షణ కథకు మూలం. మన దేశంలో 2024 నుంచి థియేటర్ చిత్రాలకు యూఏ 7+, 13+, 16+ అనే విడి తరగతులు వచ్చాయి. ఓటీటీలకు 2021 నియమాల నుంచే అలాంటి వయసు గుర్తులు ఉన్నాయి. బొమ్మల సినిమా అని చూసీచూడకుండా ఫోన్ ఇచ్చే ఇళ్లలో ఆ గుర్తును చూడటం అలవాటు కావాలి. తెలుగు డబ్బింగ్ పెరిగే కొద్దీ ఈ అవసరమూ పెరుగుతుంది. భాష అడ్డు తొలగితే చిన్న పిల్లలూ తేలిగ్గా ఇలాంటి కథల్లోకి వెళ్తారు.

హైస్కూలు దాటినవాళ్లు మాత్రం తప్పక చూడదగ్గ చిత్రం. ముందు కథలు తెలియకపోతే మొదటి అరగంట తికమకగా ఉంటుంది. హాథవే కుర్రాడిగా కనిపించే 1988 నాటి ‘చార్స్ కౌంటర్ అటాక్’ చూసి వస్తే అతని కుంగుబాటుకు కారణం అర్థమవుతుంది. ఇది మూడు భాగాల కథలో మొదటిది కాబట్టి ముగింపు తెగినట్టు అనిపిస్తుంది. దవావో ఘట్టాన్ని పగటి వెలుతురులో ఫోన్ మీద చూస్తే సగం కనిపించదు. గది చీకటి చేసి, వీలైతే పెద్ద తెర మీద, మంచి శబ్దంతో చూడాలి.